కార్డుకు రెండో వైపు

కొండ మీద వానలు కొలిచే నా శ్రీమతికి,

కింది వాటాలో కూర్చుని పొద్దు కొలుచుకుంటున్న మీ ఆయన బోలెడంత ప్రేమతో, అంతకన్నా కాస్త ఎక్కువ భయంతో రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, నా కుడి మోకాలు, బాల్కనీలో చావకుండా మిగిలిన రెండు మొక్కలు. అక్కడ నువ్వూ, నీ వాన గొట్టాలూ, నీ వాతావరణ కేంద్రంలో ఉన్న మిగతా ముగ్గురూ క్షేమమేనని తలుస్తాను.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు నోరు పెగలదు. బాగున్నావా, బాగున్నాను, సరే ఉంటాను. అంతే కదా మన మాటలు. పోస్టాఫీసు సార్టింగ్‌లో ముప్పై నాలుగేళ్లు ఉత్తరాల మధ్య నిలబడినవాడిని. ఏదైనా చెప్పాలంటే నాకు కాగితమే దిక్కు. ఉదయం కొలతలన్నీ పుస్తకంలో ఎక్కించాకే ఇది చదువు. మధ్యలో ఆపి వెళ్లావంటే, ఆపిన చోటును బట్టి నా మీద కోపం పెరగొచ్చు.

నీ కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా జవాబులు రాస్తాను. నాలుగోదాని దగ్గరకు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఓపిక పట్టు.

మొదటిది, నా మోకాలు. డాక్టరు మెట్లు తగ్గించమన్నాడు. నేను పెంచాను. పైవాటాకు పద్దెనిమిది మెట్లు. రెండు నెలలుగా రోజుకు రెండు మూడుసార్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. ఎందుకు ఎక్కానన్నదే ఈ ఉత్తరం.

రెండోది, పిండి డబ్బా మూత. గట్టిగా పెడుతున్నాను. అయినా ఇల్లాలు ఇంత దూరం నుంచి రాసే ఉత్తరంలో పిండి డబ్బాకు ఒక పేరా ఇవ్వాలా? ఇచ్చావు. నా మోకాలికి అర వాక్యం. పైన మాస్టారి కంటికి మాత్రం మూడు వాక్యాలు, వాటి కింద ఒక గీత. ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. చాలాసేపు చూశాను దాన్ని.

మూడోది చదవగానే నాకు ఒళ్లు మండింది. 'రిటైరై ఏడాదిన్నర అయింది. కాలక్షేపానికి ఏం చేస్తున్నారు? మాస్టారిని చూసైనా ఏదో ఒకటి నేర్చుకోండి' అని రాశావు. చూసైనా! ఈ మాట నువ్వు రాయడం ఇది ఐదోసారి. లెక్క పెట్టాను. పెట్టక ఏం చేస్తాను, నాకున్న కాలక్షేపం అదేగా.

మాస్టారి సంగతి నీకు తెలియంది కాదు. అయినా ఒక్కసారి నా వైపు నుంచి విను. బడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మనిషి బొమ్మలు గీసుకుంటూ ఊరుకోవాలి. ఆయన ఊరుకోడు. పొద్దున్నే ఈత కొట్టి వస్తాడు. వచ్చి రొట్టె కాలుస్తాడు. ఆ వాసన మెట్లు దిగి నేరుగా మన వంటింట్లోకి వస్తుంది. పదింటికి పాత పుస్తకాలకు అట్టలు కుడతాడు. మధ్యాహ్నం చెడిపోయిన గడియారాలు విప్పుతాడు. విప్పినవాటిని మళ్లీ బిగిస్తాడు, అదే నాకు మింగుడు పడదు. సాయంత్రం వయొలిన్. అరవై ఎనిమిదేళ్లు, తలనిండా జుట్టు. నాకు అరవై ఒకటి, నా తల సంగతి నీకు తెలుసు.

నేనూ ప్రయత్నించాను. నీకు రాయలేదు, అంతే. ఈత కొలనుకు వెళ్లాను. పిల్లలు దిగే వైపు నడుం లోతు నీళ్లలో గంటసేపు నిలబడి వచ్చాను. నిలబడడం నాకు బాగా వచ్చు, ఉద్యోగంలో చేసింది అదే. రొట్టె కాల్చాను. అది ఇప్పటికీ ఉంది, బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. మన ఫోన్ నంబర్ల డైరీకి అట్ట కుట్టాను. జిగురు ఎక్కువై మకారం నుంచి శకారం దాకా ఒకటే పేజీ అయి కూర్చుంది. మీ మేనత్త నంబరు అందులోనే ఉంది కాబట్టి మరీ అంత బాధపడలేదు. గోడ గడియారం విప్పి బిగించాను. అది నడుస్తోంది, కాకపోతే నాలుగు మరలు మిగిలాయి. మౌత్ ఆర్గాన్ కొన్నాను. రెండో రోజు మాస్టారి అక్కగారు తలుపు తట్టింది. "ఏమయ్యా పోస్టూ, మీ ఇంట్లో పిల్లి గానీ తలుపు సందులో ఇరుక్కుందా?" అంది. పిల్లి లేదన్నాను. "అయితే ఇంకేదో ఇరుక్కుంది, చూసుకో" అని వెళ్లిపోయింది. ఆ మౌత్ ఆర్గాన్ అలమర పై అరలో ఉంది, నువ్వు వెతికినా దొరకదు.

ఇవేవీ నేను ఇష్టపడి మొదలుపెట్టినవి కావు. నీ ఉత్తరాల్లో ఆయన మాట రాకుండా చేద్దామని మొదలుపెట్టినవి. అసూయ అంటారు దీన్ని. ఇంకో పేరు దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు.

ఆయన ఆటల్లో నేను ముట్టుకోనిది ఒక్క చదరంగమే. అది మీ ఇద్దరిదీ. నీకు గుర్తుందో లేదో, నువ్వు కొండ ఎక్కకముందు రోజూ సాయంత్రం మెట్ల మధ్య చప్టా మీద పీట వేసుకుని మీరిద్దరూ ఆడేవారు. నేను టీ తెచ్చి అక్కడే నిలబడేవాడిని. గంటసేపు మీరిద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడుకుంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఇద్దరు మనుషులు అంతసేపు నోరు విప్పకుండా హాయిగా కూర్చోవడం నేను ఎక్కడా చూడలేదు, మన ఇంట్లో అయితే అసలు చూడలేదు. టీ చల్లారిపోయేది. మళ్లీ వెచ్చబెట్టుకుని వచ్చేవాడిని.

నీకు బదిలీ అయినప్పుడు ఆట సగంలో ఉంది. పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసుకుంటూ ఆడుకుంటామన్నారు. ఆ కార్డుల కట్ట కొనిపెట్టింది నేనే. గళ్లకు ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నంబర్లు వేసుకుంటే తికమక ఉండదని సలహా ఇచ్చిందీ నేనే. ఎవరైనా నాలాంటి తెలివితక్కువవాడు ఉంటాడా చెప్పు.

రెండేళ్లుగా నీ కార్డులు మన కింది పెట్టెలోకే వస్తున్నాయి. పైకి చేర్చేది నేనే. ఒక్క కార్డు కూడా చదవలేదు. మా సార్టింగ్‌లో అది నియమం. కార్డు తెరిచే ఉంటుంది కదా అని చదవకూడదు. అడ్రసు వైపు పైకి పెట్టుకుని పని చేయాలి. రెండో వైపు మనది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మా సెక్షన్ పెద్దాయన చెప్పాడు, ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి తప్పలేదు. నీ కార్డులను కూడా అలాగే, అడ్రసు వైపు పైకి పెట్టుకుని మెట్లెక్కి ఇచ్చి వచ్చేవాడిని. మెట్లు దిగేటప్పుడు పళ్లు కొరుక్కునేవాడిని. దానికి నియమం లేదు.

ఇక మాస్టారి కన్ను. రెండు నెలల కిందట ఆయన కుడికంట్లో లోపలి పొర ఊడింది, ఆపరేషన్ చేశారని నీకు తెలుసు. ఎడమకన్ను ముందే అంతంతమాత్రం. మూడు వారాలు బోర్లా పడుకోవాలి, రెండు నెలలు చదవకూడదు అన్నారు. అక్కగారికి అక్షరాలు ఆనవు. అందుకని మాస్టారు నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి మంచం మీద బోర్లా పడుకుని, తల మంచం అంచు దాటించి ఉన్నాడు. కంటికి కట్టు. కింద నేల మీద చదరంగం బల్ల. చేతులు కిందికి వేలాడేసి వేళ్లతో పావులను తడుముకుంటున్నాడు.

"తపాలాగారూ, మీరొక సాయం చేయాలి. మీ ఆవిడ కార్డులు చదివి వినిపించండి. నేను చెప్పే ఎత్తు కార్డు మీద రాసి పంపండి" అన్నాడు.

"కార్డులు నేను చదవనండీ" అన్నాను.

"చదవమని అడ్రసుదారుడే అడుగుతున్నాడుగా" అన్నాడు.

మొదటిసారి నీ కార్డు రెండో వైపు తిప్పాను. 'ఏనుగు 57 నుంచి 58' అని ఉంది. దాని కింద, 'ఈ ఉదయం మేఘం కొండ దిగి నా కిటికీ దాకా వచ్చి నిలబడింది. కొలతల పుస్తకంలో దానికి గడి లేదు, అందుకని మీకు రాస్తున్నాను' అని ఉంది.

ఏమోయ్, నిన్ను అడుగుతున్నాను. కొలతల పుస్తకంలో గడి లేనివన్నీ ఆయనకా? గడి ఉన్నవన్నీ నాకా? ఆయనకు మేఘం, నాకు పిండి డబ్బా మూతా? గ్యాసు కట్టేశారా, కరెంటు బిల్లు వచ్చిందా, దుప్పట్లు ఎండలో వేశారా. ముప్పై మూడేళ్ల కాపురంలో ఒక్క మబ్బునైనా నాకు చూపించావా? ఎత్తు మాత్రం పైకి చదివాను. మేఘాన్ని మింగేశాను.

"ఇంకేమైనా రాసిందా?" అని అడిగాడు మాస్టారు.

"లేదండీ. ఇంతే" అన్నాను. అది మొదటి అబద్ధం.

ఆయన వేళ్లతో బల్లంతా తడిమి, చాలాసేపు ఆలోచించి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "గుర్రం 27 నుంచి 44. రాజుకీ మంత్రికీ ఒకేసారి గురి. మీ ఆవిడ పని అయిపోయింది, రాయండి" అన్నాడు.

కిందికి వచ్చి కార్డు ముందు కూర్చున్నాను. ఆ ఎత్తు చూసి నువ్వు కొండ మీద 'అబ్బ, మాస్టారూ!' అనుకుంటావు. బోర్లా పడుకుని కూడా ఎంత తెలివి అనుకుంటావు. ఆ అబ్బ అన్న మాట నాకు చెవిలో వినిపించింది. 'బంటు 9 నుంచి 17' అని రాశాను. మూలనున్న బంటు. దాన్ని కదిపితే ఎవరికీ లాభమూ లేదు, నష్టమూ లేదు. మాస్టారికి మతి తప్పిందని నువ్వు అనుకోవాలి, అంతే నాకు కావలసింది. మాస్టారు చెప్పింది రాస్తున్నానని నువ్వు నమ్ముతావు, నా చేతిరాత నీకు తెలుసు. తీసుకెళ్లి డబ్బాలో వేశాను. నా చేత్తో నేను పోస్టును పాడు చేశాను.

ఇదీ నేను ఇన్నాళ్లు దాచింది. ఇక్కడితో అయిపోలేదు, చదువు.

నువ్వు మతి తప్పిందని అనుకోలేదు. 'మాస్టారూ, ఆ మూల బంటు ఎందుకు కదిపారో నాలుగు రోజులు ఆలోచించాను. ఇంకా అంతుపట్టలేదు. ఆపరేషన్‌తో మీ ఆటకు పదును పెరిగినట్టుంది' అని రాశావు. తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. ఆ తర్వాత అసలు చిక్కు అర్థమైంది. నీ ఎత్తు ఆయనకు చదివి వినిపించలేను. ఆయన బల్ల మీద నీ మంత్రి చావుకు సిద్ధంగా ఉంది, నీ బల్ల మీద నిక్షేపంగా ఉంది. అందుకని నీ బదులు ఆయనకు నేనే ఒక ఎత్తు చెప్పాను. ఆయన జవాబు చెప్పాడు. అది నీకు పనికిరాదు. ఆయన బదులు నీకు ఇంకో ఎత్తు నేనే రాశాను.

అలా రెండు నెలలు. పైన నువ్వు నేనే, కొండ మీద మాస్టారు నేనే. రెండు అట్టముక్కల మీద గళ్లు గీసి, చొక్కా గుండీలూ సీసా మూతలూ పెట్టి, ఒక ఆట భోజనాల బల్ల మీద, ఇంకోటి ఇస్త్రీ బల్ల మీద పరిచాను. ఇస్త్రీ చేయడం మానేశాను. మొదట్లో కాళ్లూ చేతులూ ఆడలేదు. తర్వాత సార్టింగ్ గూళ్లలా చూడడం మొదలుపెట్టాను. అరవై నాలుగు గూళ్లు, పోస్ట్‌మాన్ తిరిగే దారిలా ఒక్కో పావుకు ఒక్కో బీటు. ఏనుగు పెద్ద వీధుల్లోనే పోతుంది, గుర్రం సందులు తిరిగి పోతుంది. అప్పటినుంచి తేలికైంది.

నిజం చెప్పనా? రిటైరయ్యాక మొదటిసారి నాకు పొద్దు చాలలేదు. మోకాలి నొప్పి గుర్తుకొచ్చేది కాదు. పళ్లు తోముకుంటూ గుర్రం గురించి ఆలోచించేవాడిని. కాలక్షేపానికి ఏం చేస్తున్నారని అడిగావు కదా, ఇదీ చేస్తున్నది.

తర్వాత ఇంకో తప్పు చేశాను. నీ మేఘం వాక్యానికి బదులు లేకుండా కార్డు పంపడం మర్యాద కాదనిపించింది. ఎత్తు కింద ఒక వాక్యం చేర్చాను. 'ఈ రోజు మా బాల్కనీ మీద పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఒక మబ్బు వేలాడుతోంది' అని. మాస్టారే చెప్పి రాయించినట్టు రాశాను. నువ్వు రెండు వాక్యాలు రాశావు. నేను రెండు రాశాను. నువ్వు కార్డు అంచుల్లో కూడా రాయడం మొదలుపెట్టావు. 'మాస్టారూ, ఈ మధ్య మీ కార్డు కోసం గేటు దాకా నడుస్తున్నాను' అని రాశావు ఒకసారి.

ఆ రోజు నేను అన్నం తినలేదు. నాకెంత అసూయ పుట్టిందో నీకెలా చెప్పను? ఆ కార్డులు రాసింది నేనే. నువ్వు గేటు దాకా నడిచింది నా మాటల కోసమే. పేరు మాత్రం ఆయనది. నా మీద నేనే కుళ్లుకుని చచ్చాను. అద్దంలో చూసుకుంటే 'నువ్వెవడివిరా నా భార్యకు మబ్బులు రాయడానికి' అని అడగాలనిపించేది.

ఆ తర్వాతి కార్డులో, 'తెల్లవారుజామున వాన గొట్టం దగ్గరకు వెళితే మేఘం నా భుజాల కింద ఉంటుంది. భయం వేస్తుంది, బాగానూ ఉంటుంది. పక్కన ఎవరైనా ఉంటే చూడండి అని చెప్పేదాన్ని. ఎవరూ ఉండరు' అని రాశావు. ఇది కూడా మాస్టారికి చదివి వినిపించలేదు. నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇది నాకు రాసింది కాదని తెలుసు. అయినా పెట్టుకున్నాను.

మొన్న డాక్టరు మాస్టారికి చదువుకోవచ్చని చెప్పాడు. మెట్లు ఎక్కేసరికి కొత్త కళ్లజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"తపాలాగారూ, ఆ కార్డులన్నీ ఒకసారి ఇవ్వండి. నా కళ్లతో చదువుకుంటాను" అన్నాడు.

తప్పించుకునే దారి లేదు. కిందికి వెళ్లి కార్డులన్నీ తెచ్చాను, జేబులోది కూడా. ఆయన ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. మూల బంటు, మింగేసిన మేఘాలు, ఇస్త్రీ బల్ల, అన్నీ. చెప్పేటప్పుడు ఆయన మొహం వైపు చూడలేదు, గడియారాల వైపు చూశాను. పదకొండు ఉన్నాయి ఆ గదిలో, అన్నీ ఒకటే టైము చూపిస్తున్నాయి.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీ ఆవిడ మంత్రి పోయినా లెక్కచేయని మనిషి. రెండేళ్లలో ఒక్కసారి గుర్రాన్ని వెనక్కి లాగలేదు. ఈ రెండు నెలలూ గుర్రం వెనక్కే నడుస్తోంది. బంటు పోతుందంటే కూడా విలవిల్లాడిపోతోంది. నాలుగో ఎత్తులోనే ఇది మీరని పట్టుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"బోర్లా పడుకున్నవాడిని. రోజూ ఒకడు మెట్లెక్కి వచ్చి ఆడుతున్నాడు. చెబితే మానేస్తాడు. పైగా మీ ఆవిడ మీద నేను ఎప్పుడూ గెలవలేదండీ, మీ మీద గెలుస్తున్నాను" అన్నాడు.

అప్పుడు నాకు ఉక్రోషం ఆగలేదు. "ఆవిడ మబ్బులన్నీ మీకు రాస్తుంది. నాకు పిండి డబ్బా మూత గురించి రాస్తుంది" అనేశాను.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మబ్బులు ఎవరికైనా రాయొచ్చు. నన్ను డబ్బా మూత పెట్టావా అని అడిగే మనిషి ఒక్కరు లేరు. మీ ఆవిడ ఉత్తరం మీకు ఎప్పుడు వచ్చినా మెట్ల దగ్గర మీరు సణుక్కోవడం వింటూనే ఉన్నా. ఎంత కుళ్లుకున్నానో మీకేం తెలుసు" అన్నాడు.

"నేను అడగడం లేదూ?" అంది అక్కగారు వంటింట్లోంచి.

"నువ్వు అడగవే, తిడతావు" అన్నాడు.

ఆ మాట విన్నాక నా అసూయ పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. కొంచెం సర్దుకుని కూర్చుంది, అంతే. ఆయన జుట్టు ఇంకా అలాగే ఉందిగా.

ఈ ఉదయం నీ కార్డు వచ్చింది. పాత పద్ధతిలోనే, అడ్రసు వైపు పైకి పెట్టుకుని మెట్లెక్కి మాస్టారి చేతిలో పెట్టాను. వెనక్కి తిప్పలేదు. నువ్వు నమ్మాలి. ఆయన తిప్పి చదివాడు. నా వైపు చూశాడు. "అడ్రసు తప్పుగా రాసినట్టుంది. ఇది మీకు" అని చేతికిచ్చాడు.

దాని మీద ఎత్తు లేదు. నువ్వు రాసింది నీకు తెలుసు, అయినా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, నేను సరిగ్గానే చదివానని నీకు తెలియాలి.

'మాస్టారూ, ఇరవై తొమ్మిదేళ్లుగా మబ్బులు చూస్తున్నాను. కంటికి కట్టుతో బోర్లా పడుకున్న మనిషికి బాల్కనీ మీది మబ్బు కనిపించడం మాత్రం ఇదే మొదటిసారి. మీకు ఈ కార్డు చదివి వినిపించే ఆయన ఎలా ఉన్నారు? నాకు రాసే ఉత్తరాల్లో అంతా క్షేమం తప్ప ఏమీ ఉండదు. ఇంకో ఏడాది ఇక్కడే ఉండమని ఆఫీసు అడుగుతోంది, నెలాఖరులోగా చెప్పాలి. ఉండనా, రానా అని అడిగితే నీ ఇష్టం అంటారు. నా ఇష్టం నాకు తెలుసు. ఆయనది తెలియదు. మీరైనా కనుక్కుని రాయండి.'

మెట్ల మీద కూర్చుని నాలుగుసార్లు చదివాను. ముప్పై నాలుగేళ్లు తప్పు అడ్రసులు పట్టుకున్నవాడిని, నేనే బోర్లా పడుకున్నవాడి పేరుతో మబ్బులు చూశాను. మేఘాల దగ్గర పనిచేసే మనిషికే పంపాను. నాకు నవ్వొచ్చింది, తర్వాత కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. అక్కగారు చూసి మంచినీళ్ల గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆవిడ నన్ను వెక్కిరించకుండా వదలడం ఇదే మొదలు.

కనుక్కున్నాను. రాస్తున్నాను.

మీ ఆయన బాగాలేడు. తిండికి లోటు లేదు, మోకాలికి మందుంది. రెండేళ్లుగా ఎవరికీ ఏమీ చెప్పకుండా పడుకుంటున్నాడు. నువ్వు వెళ్లేటప్పుడు వద్దనలేదు, ఉద్యోగం నీ ప్రాణమని తెలిసి. నీ ఇష్టం అన్నది మంచితనం కాదు. రమ్మంటే నువ్వు రాకపోతే ఏం చేయాలో తెలియక అన్నాడు. ఆయనకు ఓడిపోవడమంటే భయం. అందుకే గుర్రాలన్నీ వెనక్కి లాగుతూ వచ్చాడు.

ఉండనా, రానా అన్న నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇది. నా ఇష్టం చెబుతున్నాను, వచ్చేయ్. నీ ఇష్టం ఉండిపోవడమే అయితే ఉండు, కోపం తెచ్చుకోను. కొంచెం తెచ్చుకుంటాను. కానీ ఈసారి రమ్మని అడగలేదని మాత్రం అనకు.

నిన్ను కూడా ఒక ప్రశ్న అడగాలి. మేఘం నీ భుజాల కింద ఉందని, చూడండి అని చెప్పేదాన్నని రాశావే, నీకు మబ్బులు రాస్తున్నది నేనని తెలిసే రాశావా? తెలిసే రాశానంటే వెంటనే జవాబు రాయి. తెలియక రాశానంటే మాత్రం ఎప్పటికీ చెప్పకు. నేను తట్టుకోలేను.

ఆట సంగతి. మాస్టారితో నీ ఆట మూల బంటు దగ్గర ఆగింది. గుర్రం 44 ఇంకా ఆయన దగ్గరే ఉంది, నీ మంత్రిని చూసుకో. ఈ రెండు నెలలూ ఆయన పేరుతో నీతో ఆడిన ఆట నాది. ఇప్పటికి ఒక ఏనుగూ మూడు బంట్లూ పోగొట్టుకున్నాను, అయినా లొంగలేదు. గుర్రం 36 నుంచి 53. ముందుకే వేశాను. పోతే పోనీ.

ఇట్లు,
నీకు మబ్బులు రాసిన,
పేరు రాయని,
మీ ఆయన

తా.క. పిండి డబ్బా మూత గట్టిగా ఉంది. బయట మబ్బు లేదు. రెండూ ఇప్పుడే లేచి వెళ్లి నా కళ్లతో చూసి వచ్చి రాస్తున్నాను.